హామ్లెట్ ఎందుకు ఆలస్యం చేశాడని ఇక అడగకండి

ఇంగ్లీష్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, డిగ్రీ, పీజీ పరీక్షలకు ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం. నేను ఇంగ్లీష్ సాహిత్యం చెప్పే లెక్చరర్‌ని. ఏటా షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ పాఠం చెబుతాను. డెన్మార్క్ యువరాజు హామ్లెట్‌కి చనిపోయిన తండ్రి ప్రేతం కనిపించి, నన్ను చంపింది నా తమ్ముడు క్లాడియస్, పగ తీర్చుకో అంటుంది. ఆ క్లాడియస్ ఇప్పుడు రాజు, హామ్లెట్ తల్లి గెర్‌ట్రూడ్‌ని పెళ్లాడాడు. కథ అక్కడ మొదలవుతుంది. తర్వాత స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చుని అదే హామ్లెట్ మీద రాసిన జవాబులు దిద్దుతాను. క్లాసులో చదివిన నాటకానికీ, జవాబు పత్రాల్లో కనిపించే నాటకానికీ పోలికే ఉండదు. అందుకు పిల్లల్ని అని లాభం లేదు. తప్పు మనం అడిగే ప్రశ్నల్లో ఉంది. అందుకే ఈ లేఖ.

"ప్రతీకారం తీర్చుకోవడంలో హామ్లెట్ ఎందుకు జాప్యం చేశాడు?" ఇది వ్యాసరూప ప్రశ్న. "సోలిలక్వీ అంటే ఏమిటి?", "హమార్షియాను నిర్వచించండి" ఇవి చిన్న ప్రశ్నలు. (సోలిలక్వీ అంటే పాత్ర తనలో తాను పైకి మాట్లాడుకునే స్వగతం; హమార్షియా అంటే గైడ్‌ల భాషలో హీరోని ముంచే లోపం.) మా చేతికొచ్చే పేపర్లలో ఇవే అటూ ఇటూ మారుతూ ఉంటాయి. వీటికి జవాబు బజార్లో దొరికే ప్రతి గైడ్‌లో సిద్ధంగా ఉంది: హామ్లెట్ ఆలోచనాపరుడు, కార్యశూరుడు కాడు, అదే అతని హమార్షియా, దానివల్ల నాశనమయ్యాడు, చూసిన మనకు క్యాథార్సిస్ (భావశుద్ధి) కలిగింది. కట్ట విప్పితే మొదటి పేపర్ నుంచి చివరి పేపర్ దాకా ఇదే. చేతిరాత మారుతుంది, అంతే. కాపీ కొట్టారని కూడా అనలేం, ఎవరికి వాళ్ళు కష్టపడి బట్టీ పట్టి రాసిందే.

సరే, ఆ జవాబైనా నిజమా? తెర వెనక అలికిడి వినగానే ఎవరున్నారో కూడా చూడకుండా కత్తి దూసి పొడిచి రాజు మంత్రి పొలోనియస్‌ని చంపింది ఈ ఆలోచనాపరుడే. ఓడలో రాత్రిపూట రాజముద్ర ఉన్న ఉత్తరం విప్పి చదివి, దాని చోట దొంగ ఉత్తరం రాసి, తండ్రి ముద్ర వేసి, రాజు వైపు చేరిన పాత స్నేహితులు రోజెన్‌క్రాంట్స్, గిల్డెన్‌స్టెర్న్‌లను చావుకి పంపింది ఇతనే. సముద్రపు దొంగలు మీద పడితే ఒంటరిగా వాళ్ళ ఓడలోకి దూకిందీ, పొలోనియస్ కూతురు ఒఫీలియాని పాతిపెట్టే గోతిలోకి దిగి ఆమె సోదరుడు లేయర్టీస్‌తో కలబడిందీ ఇతనే. ఏ పనీ చేయలేనివాడి జాబితా ఇలా ఉండదు. అతిగా ఆలోచించడమే అతని జబ్బు అనే మాట కవి, విమర్శకుడు కోల్‌రిడ్జ్ కాలం నాటిది. 1904లోనే విమర్శకుడు ఏ.సి. బ్రాడ్లీ దాన్ని ఒప్పుకోలేదు, కారణం తీవ్రమైన విషాదమన్నాడు. నూరేళ్లు దాటాయి, మన గైడ్‌లకు ఆ కబురు ఇంకా అందలేదు.

ఇంకో సంగతి. ఆ జవాబుకి పెద్ద ఆధారంగా పిల్లలు చూపించేది నాలుగో అంకంలో, నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ సైన్యం వెళ్తుంటే చూసి హామ్లెట్ తనను తాను తిట్టుకునే సోలిలక్వీ. మరీ లోతుగా ఆలోచించడం వల్లే నేను ఆగిపోతున్నానా అని అక్కడే అనుకుంటాడు. ఆ ప్రసంగం 1604-05లో అచ్చయిన రెండో క్వార్టోలో (ఈ ఒక్క నాటకంతో వేసిన చిన్న పుస్తకం) ఉంది. 1623 ఫోలియోలో (షేక్‌స్పియర్ నాటకాలు కలిపి వేసిన పెద్ద పుస్తకం) లేదు, మొత్తం ఎగిరిపోయింది. అంటే నాటకానికి ఉన్న రెండు ముఖ్యమైన పాఠాల్లో ఒకదాంట్లో మన జవాబుకి మూలస్తంభమే లేదు. మన పేపర్లలో ఈ ముక్క అడిగిన ప్రశ్న ఇంతవరకు నా కంట పడలేదు.

అసలు ప్రతీకారాన్ని ఒక మనిషి స్వభావంగా కాక, రంగస్థలం మీద ఒక కట్టుబాటుగా చూపిస్తే పిల్లలు ఎంత తొందరగా అందుకుంటారో క్లాసులో చూశాను. రివెంజ్ ట్రాజెడీ (పగ చుట్టూ అల్లిన విషాద నాటకం) అనేది అప్పటి లండన్ జనానికి బాగా అలవాటైన సరుకు. 1580లలో థామస్ కిడ్ రాసిన స్పానిష్ ట్రాజెడీలో 'ప్రతీకారం' అనే పాత్ర స్వయంగా, చచ్చిపోయినవాడి ప్రేతంతో కలిసి, నాటకం పొడుగునా కూర్చుని జరిగేదంతా చూస్తూ ఉంటుంది. మధ్యలో నిద్రపోతుంది కూడా! ప్రేతం గాభరాపడి లేపాల్సి వస్తుంది. కొడుకుని పోగొట్టుకున్న హియరోనిమో అందులో హీరో. అతనూ ఆలస్యం చేస్తాడు, అతనూ తనను తాను నిందించుకుంటాడు, అతనికీ పిచ్చెక్కుతుంది, అతనూ నాటకంలో నాటకం వేయించి అందులోనే పగ తీర్చుకుంటాడు. ప్రేతం, అనుమానం, పిచ్చి, జాప్యం, లోపలి నాటకం, చివర్లో శవాల గుట్ట: ఈ సరంజామా అంతా షేక్‌స్పియర్ చేతికి రాకముందే ఉంది. హామ్లెట్ కథ మీద కూడా అంతకు ముందే ఒక నాటకం ఆడారు. దాని ప్రతి దొరకలేదు గానీ, 1589లో నాష్, 1596లో లాడ్జ్ అనే రచయితలు దాన్ని వెక్కిరిస్తూ రాసిన మాటలు మిగిలాయి. "హామ్లెట్, పగ తీర్చుకో!" అని అరిచే ప్రేతం అప్పటికే నవ్వులాట అయిపోయింది.

ఆ జనం ముందు షేక్‌స్పియర్ మళ్ళీ అదే కథ పెట్టాడు. చంపుతాడా లేదా అనే టెన్షన్ వాళ్ళకు లేదు, చంపుతాడని తెలుసు. ఎప్పుడు, ఎలా, చంపేలోపు ఇతనేమవుతాడు అన్నదే చూడటానికి వచ్చారు. మన పిల్లలకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని కూడా లేదు. ఇంటర్వెల్‌కి ముందు ఫ్లాష్‌బ్యాక్‌లో తండ్రి హత్య, క్లైమాక్స్‌లో విలన్ చావు అనే లెక్క వాళ్ళకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ఆ లెక్క హామ్లెట్‌లో ఎక్కడ తప్పుతుందో అడగండి, పేజీలకు పేజీలు రాస్తారు.

ఆ కాలపు గందరగోళం కూడా తెలియాలి. సొంత పగలు తీర్చుకోవడం పాపమని చర్చి, నేరమని చట్టం చెప్పేవి. అదే దేశంలో 1584లో వేలమంది ఒక ప్రమాణ పత్రం మీద సంతకాలు పెట్టారు: రాణి ఎలిజబెత్ మీద హత్యాయత్నం జరిగితే, చేసినవాళ్ళనే కాదు, ఎవరి లాభం కోసం చేశారో వాళ్ళనూ వెంటాడి చంపుతామని. చట్టం పేరుతోనే పగకు ఒట్టు పెట్టించారన్నమాట. ప్రేతం సంగతీ అంతే. తాను పాపాలు కాలిపోయేదాకా శిక్ష అనుభవించే చోటు నుంచి వచ్చానంటుంది. ప్రొటెస్టెంట్ ఇంగ్లండ్ అధికారికంగా ఆ చోటే లేదంది. హామ్లెట్ చదివింది ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్‌లో. నాన్న వేషంలో వచ్చిన దెయ్యమేమో అని అతను అనుమానపడితే దాన్ని బద్ధకమని ఎలా అంటాం? సాక్ష్యం లేకుండా రాజుని చంపమంటే తెలివున్న ఎవరైనా ఆగుతారు.

ఆ సాక్ష్యం కోసమే మౌస్‌ట్రాప్, అంటే తండ్రి హత్యలాంటి కథతో హామ్లెట్ రాజు ముందు వేయించే నాటకం. ప్లే విదిన్ ఎ ప్లే మీద షార్ట్ నోట్ రాయమంటే అందరూ "రాజు మనస్సాక్షిని పట్టుకోవడానికి వేయించాడు" అని రాసి ఊరుకుంటారు. కాస్త దగ్గరగా చూద్దాం. ముందు మాటల్లేని మూకాభినయం నడుస్తుంది. చెవిలో విషం పోయడం అందులోనే ఉంది. క్లాడియస్ కిమ్మనడు. తర్వాత మాటలతో ఆట మొదలై, హంతకుడు లూసియానస్ రంగం మీదికి రాగానే హామ్లెట్ గట్టిగా పరిచయం చేస్తాడు: ఇతను రాజుగారి అన్న కొడుకు, లూసియానస్. రాజు తమ్ముడు అనలేదు! అక్కడ కూర్చున్న రాజుకి అన్న కొడుకు ఎవరు? హామ్లెట్టే. కాబట్టి కొలువులో మిగతావాళ్ళకు కనిపించింది పాత హత్య కాదు, రేపు జరగబోయే హత్య. యువరాజు అందరి ముందూ తన బాబాయిని బెదిరిస్తున్నాడు. క్లాడియస్ లేచి దీపాలు తెమ్మన్నది చేసిన పాపం గుర్తొచ్చా, తన ప్రాణం మీద భయంతోనా? హామ్లెట్‌కి మాత్రం అనుమానం లేదు, రుజువు దొరికిందని గంతులేస్తాడు. పక్కనుంచి గమనించమని పెట్టుకున్న స్నేహితుడు హొరేషియో మాత్రం బాగా గమనించానని పొడిగా అంటాడే తప్ప ఏం కనిపించిందో చెప్పడు. ఒక్క 'అన్న కొడుకు' అనే మాట పట్టుకుంటే ఇంత చర్చ నడుస్తుంది.

సంస్కృత సాహిత్యం కూడా చదివే పిల్లలుంటే ఇక్కడ ఉత్తరరామచరితం ఏడో అంకం గుర్తు చేయండి. భవభూతి గర్భాంకం (నాటకంలో నాటకం) పెట్టి, సీతకు జరిగింది రాముడి ఎదుటే నాటకంగా ఆడిస్తాడు. రాముడు తట్టుకోలేకపోతాడు. ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తు చేయాల్సి వస్తుంది. అక్కడా రాజే ప్రేక్షకుడు, అక్కడా నాటకం అతను చేసిన పనినే ఎత్తి చూపిస్తుంది. అయితే అక్కడ ఆట పోయినవాళ్ళను కలపడానికి, ఇక్కడ వల వేయడానికి.

నాకు బాగా కష్టం కలిగించేది ప్రార్థన సన్నివేశం. మూడో అంకం మూడో రంగం. ఈ నాటకంలో ప్రతీకారం అంటే ఏమిటో తెలియాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. మన పేపర్లలో దీనికి ఎప్పుడూ ఒక షార్ట్ నోట్ చోటే. క్లాడియస్ ఒంటరిగా ఉన్నాడు. అన్నను చంపానని ఒప్పుకుంటాడు. చంపి సంపాదించిన కిరీటం, రాణి చేతిలో ఉంచుకునే క్షమాపణ అడగొచ్చా అని తనతో తాను వాదించుకుంటాడు. చివరికి మోకరిల్లుతాడు. అప్పుడు వెనక నుంచి హామ్లెట్ వస్తాడు. కత్తి చేతిలో ఉంది, శత్రువు వీపు ఎదురుగా ఉంది, కాపలా లేదు. ఇప్పుడు సులువుగా పని అయిపోతుంది అని మొదలుపెట్టి ఆగుతాడు. ప్రార్థనలో ఉండగా చంపితే స్వర్గానికి పోతాడు, అది పగ కాదు, కూలి తీసుకుని మేలు చేసినట్టు. తాగి పడున్నప్పుడో, కోపంలోనో, జూదంలోనో, పాపంలో మునిగి ఉన్నప్పుడు పొడవాలి, నేరుగా నరకానికి పోవాలి. అలా అనుకుని కత్తి ఒరలో పెట్టి వెళ్లిపోతాడు. అప్పుడు క్లాడియస్ లేస్తాడు. నా మాటలు పైకి పోతున్నాయి, ఆలోచనలు కిందే ఉండిపోయాయి అంటాడు. ప్రార్థన కుదరలేదు!

అంటే హామ్లెట్ కోరుకున్నది ఆ క్షణంలో చేతికి అందే ఉంది. అప్పుడు పొడిచి ఉంటే క్లాడియస్ నరకానికే పోయేవాడు, అతను పెట్టుకున్న లెక్క ప్రకారమే. ఈ సంగతి హామ్లెట్‌కి తెలియదు, క్లాడియస్‌కి వెనక కత్తి నిలబడిందని తెలియదు, రెండూ తెలిసింది హాల్లో కూర్చున్నవాళ్ళకే. రెండు సోలిలక్వీలు పక్కపక్కన, ఒకరిది ఒకరికి వినపడకుండా నడుస్తాయి. డ్రమాటిక్ ఐరనీ అంటే ఇది. దీనికి రెండు లైన్ల నిర్వచనం బట్టీ పట్టించి మార్కులు వేయడం మనకే చిన్నతనం. ఇక 'మెతక మనిషి ఆలస్యం' అనే జవాబు ఈ సన్నివేశం ముందు నిలబడదు. హామ్లెట్ ఇక్కడ ఆగింది మెతకదనం వల్ల కాదు, మామూలు పగ సరిపోక. మనిషి ప్రాణంతో ఆగక, ఆత్మ కూడా నాశనం కావాలనుకున్నాడు. విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ ఈ మాటలు చదవడానికి గానీ పలకడానికి గానీ వీల్లేనంత ఘోరమన్నాడు. మన పిల్లల జవాబుల్లో హామ్లెట్ ఇప్పటికీ పాపం అమాయకుడే.

ఆ వెంటనే వచ్చే రంగంలోనే పొలోనియస్ చావు. తండ్రిని చంపినవాణ్ణి వెతుకుతున్న కొడుకు, ఇంకొకరి తండ్రిని చంపినవాడయ్యాడు. నాటకం ఇక్కడ మలుపు తిరుగుతుంది. ఇక లేయర్టీస్ దృష్టిలో క్లాడియస్ స్థానంలో ఉన్నది హామ్లెట్. ఫాయిల్ అంటే ఏమిటో చెప్పమని అడిగితే "హీరోకి భిన్నమైన పాత్ర" అని రాస్తారు. లేయర్టీస్ భిన్నమా? హామ్లెట్ ప్రార్థనలో ఉన్నవాణ్ణి వదిలేశాడు. లేయర్టీస్‌ని రాజు నువ్వేం చేస్తావని అడిగితే, చర్చిలోనైనా గొంతు కోస్తానంటాడు. రాజు సంతోషంగా తలూపి, ప్రతీకారానికి హద్దులుండకూడదంటాడు. ఆలస్యం చేయని ప్రతీకారం ఎలా ఉంటుందో చూపించడానికే లేయర్టీస్ ఉన్నాడు. ఆలస్యం లేదు కాబట్టే హంతకుడి చేతిలో పనిముట్టయ్యాడు. విషం పూసిన కత్తి పట్టుకుని అదే విషానికి చచ్చిపోయాడు. ఆలస్యమే లోపమైతే ఇతను నాటకంలో ఆదర్శ పురుషుడు కావాలి మరి!

మూడో కొడుకు ఫోర్టిన్‌బ్రాస్. అతని తండ్రిని ద్వంద్వ యుద్ధంలో చంపింది హామ్లెట్ తండ్రి. గోతులు తవ్వేవాడు చెప్పిన లెక్క ప్రకారం అది హామ్లెట్ పుట్టిన రోజే. అంటే హామ్లెట్ పుట్టేసరికే వాళ్ళింటి మీద ఇంకొకరి పగ బాకీ ఉంది. ఫోర్టిన్‌బ్రాస్ బాబాయి మాట విని డెన్మార్క్ మీద పగ వదిలేస్తాడు, పోలండ్ మీదికి పోతాడు, తిరుగు ప్రయాణంలో అటు వచ్చేసరికి సింహాసనం ఖాళీగా ఉంది. పగ మానుకున్నవాడికే రాజ్యం దక్కింది. దీన్ని నీతి కథగా చెప్పొద్దు, ఎందుకంటే అతను ఎందుకూ కొరగాని ముక్క నేల కోసం వేలమందిని చావుకి నడిపించినవాడే.

ముగ్గురు కొడుకులు చాలరన్నట్టు రెండో అంకంలో నటుడు చెప్పే ట్రాయ్ కథలో నాలుగోవాడు పిరస్. అకిలీస్ కొడుకు, తండ్రి చావుకి పగ తీర్చుకోవడానికి ముసలి ప్రయామ్ మీద కత్తి ఎత్తి, ఎత్తిన చేత్తో ఒక్క క్షణం బొమ్మలా నిలబడిపోతాడు. తర్వాత ముక్కలు చేస్తాడు. ఆ ఎత్తిన కత్తికీ, ప్రార్థన సన్నివేశంలో ఒరలోకి వెళ్లిన కత్తికీ ఉన్న సంబంధం అడిగే ప్రశ్న ఒక్కటి వేసి చూడండి. గైడ్‌లో దొరకదు. రెండు చోట్లా పేజీ తిప్పి చూసినవాడే రాయగలడు.

సోలిలక్వీ గురించి ఒక మాట. "టు బి ఆర్ నాట్ టు బి"ని అందరూ సోలిలక్వీకి ఉదాహరణగా రాస్తారు. ఆ సమయంలో రాజు, పొలోనియస్ చాటున నక్కి ఉన్నారు. ఒఫీలియాని పుస్తకం చేతికిచ్చి అక్కడే నిలబెట్టారు. పైగా ఒఫీలియా కంటపడే దాకా ఆ ప్రసంగంలో 'నేను' అనే మాట ఒక్కసారి కూడా రాదు, అంతా 'మనం'. తండ్రి ఊసు లేదు, పగ ఊసు లేదు. 1603 నాటి మొదటి క్వార్టోలో ఇది ఇంకా ముందే వచ్చేస్తుంది. మరి ఇది మనసు విప్పి మాట్లాడటమేనా, లేక క్లాసులో చర్చలాంటిదా? పిల్లల్ని ఇలా అడిగితే సోలిలక్వీ అంటే ఏమిటో వాళ్ళే తేల్చుకుంటారు. అసైడ్ (పక్కవాళ్ళకు వినపడనట్టు పాత్ర అనే మాట) కూడా అంతే. హామ్లెట్ నోటి నుంచి వచ్చే మొట్టమొదటి లైన్ పక్కన ఇప్పటి పుస్తకాల్లో 'అసైడ్' అని ఉంటుంది. పాత ముద్రణల్లో అది లేదు, తర్వాత సంపాదకులు చేర్చారు. రాజుకి వినపడేలా అన్నాడా, తనలో తాను అనుకున్నాడా అన్నదాన్ని బట్టి సీన్ మొత్తం మారిపోతుంది.

హమార్షియా గురించి ఎక్కువ చెప్పను. అరిస్టాటిల్ ఆ మాట వాడింది ముఖ్యంగా తెలియక చేసిన పొరపాటు అనే అర్థంలో. మనం దాన్ని స్వభావ లోపం చేసి, ప్రతి హీరోకి ఒకటి అంటగట్టి, కాలేజీ ఐడీ కార్డులా మెడలో వేలాడదీశాం.

క్లైమాక్స్‌కి వద్దాం. ఐదో అంకం చివర గెర్‌ట్రూడ్ విషం తాగి పడిపోయింది. లేయర్టీస్ నిజం చెప్పేశాడు. హామ్లెట్ రాజుని పొడిచి, మిగిలిన విషం నోట్లో పోస్తాడు. పోస్తూ అన్న మాటలు చూడండి: వావివరుసలు తప్పినవాడా, హంతకుడా, మా అమ్మ వెంట పో. నాన్న పేరు లేదు. ఎన్నో అంకాల నుంచి మోస్తున్న మాట, సరిగ్గా ఆ క్షణంలో నోటికి రాలేదు. కొలువంతా రాజద్రోహం అని అరుస్తోంది. పాత హత్య గురించి అక్కడున్నవాళ్ళలో హొరేషియోకి తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి క్లాసులో వెనక బెంచీ కుర్రాడు అడిగాడు: "సార్, ఇంతకీ వాళ్ళ నాన్న పగ తీరినట్టా కాదా?" ఏటా మనం వేసే వ్యాసరూప ప్రశ్న కంటే అది ఎంతో మంచి ప్రశ్న. నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు, అందరినీ రాసుకురమ్మన్నాను. తీరిందని సగం మంది, లేదని సగం మంది. గైడ్ మాట ఒక్కటీ లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇలాంటి ప్రశ్నలు కష్టమని మీలో కొందరు అంటారు, మీటింగుల్లో విన్నాను. వాళ్ళకు కష్టమైంది ఇంగ్లీష్ వాక్యం, ఆలోచన కాదు. తండ్రి చావుకి పగబట్టి సర్పయాగం మొదలుపెట్టిన జనమేజయుణ్ణి ఆస్తీకుడు మధ్యలో ఆపించాడని తెలిసిన పిల్లకి, హామ్లెట్‌ని ఆపేవాడు ఎవరూ లేకపోవడం వెంటనే తడుతుంది. వ్యాకరణానికి మార్కులు తగ్గించి, చూసిన చూపుకి మార్కులు పెంచితే సరిపోతుంది.

నేను కోరేది సిలబస్ మార్పు కాదు. ప్రశ్నపత్రంలో ఒక సన్నివేశం నుంచి ఇరవై, ముప్పై లైన్లు అచ్చు వేయండి. సోలిలక్వీ, ఐరనీ, ఫాయిల్ లాంటి మాటల్లో ఏది అక్కడ పని చేస్తోందో, అది లేకపోతే సీన్‌లో ఏం పోతుందో రాయమనండి. వ్యాసరూప ప్రశ్నగా లేయర్టీస్ ప్రతీకారాన్ని అడగండి, ఒక ఏడాది ఫోర్టిన్‌బ్రాస్‌ని అడగండి. నిర్వచనాల రెండు మార్కుల ప్రశ్నలు తీసేయండి. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్‌లో, నాటకంలోని చోటు చూపించి వాదించిన జవాబుకి, అది మనం అనుకున్నదానికి విరుద్ధంగా ఉన్నా సరే, పూర్తి మార్కులు వేయమని ఒక్క వాక్యం చేర్చండి. ఆ వాక్యం లేకపోతే, కొత్తగా రాసిన పిల్లాడికి దిద్దేవాళ్ళు భయపడి సగం మార్కులే వేస్తారు. ఈ ఏడాది మా క్యాంపులో అలాంటి పేపర్ ఒకటి నా పక్క టేబుల్ మీదే చూశాను. పాయింట్లు లేవని పెద్దాయన సున్నాకి దగ్గరగా తెచ్చారు. చీఫ్ ఎగ్జామినర్‌ని పిలిచి గొడవపడితే నాలుగు మార్కులు పెరిగాయి.

ఇట్లు,
ఒక ఇంగ్లీష్ లెక్చరర్